హెడర్ మారితే బలం ఎక్కడి నుంచి వస్తుంది? టొయోటా 86 చెప్పే లెక్క

క్లుప్తంగా: స్పోర్ట్స్ కారుకు బయటి తయారీదారు చేసిన హెడర్ (సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల కట్ట) బిగించినప్పుడు కనిపించే ఫలితంలో మూడు వేర్వేరు మార్పులు కలిసి ఉంటాయి. గొట్టాల పొడవు మారి పీడన అలల రాకపోకల సమయం మారడం ఒకటి. పొగలోని విషవాయువులను శుభ్రం చేసే క్యాటలిస్ట్ పలచబడడం లేదా పూర్తిగా పోవడం రెండోది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూలోని లెక్కలను తిరగరాయడం మూడోది. ప్రకటనల్లో ఈ మూడూ కలిసి ఒకే అంకెగా కనిపిస్తాయి. మొదటిది ఒక వేగం దగ్గర ఇచ్చినదాన్ని మరో వేగం దగ్గర కొంత వెనక్కి తీసుకుంటుంది. రెండోది అమెరికాలోనూ మన దేశంలోనూ చట్టానికి విరుద్ధం. మూడోది లేకపోతే మొదటిదాని ఫలితం పూర్తిగా చేతికి అందదు.

టొయోటా, సుబారు కలిసి 2012లో తెచ్చిన చిన్న స్పోర్ట్స్ కారు ఒకటే అయినా చాలా పేర్లతో తిరిగింది. జపాన్‌లో టొయోటా 86, సుబారు బీఆర్‌జెడ్. అమెరికాలో 2016 మోడల్ వరకు సయాన్ ఎఫ్ఆర్-ఎస్, ఆ తర్వాత అక్కడా టొయోటా 86. బరువు తక్కువ, శక్తి వెనుక చక్రాలకు, కూర్చునే చోటు నేలకు దగ్గరగా. నడిపినవాళ్లు మలుపుల్లో దాని నడవడికను మెచ్చుకున్నారు. ఫిర్యాదు మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. ఇంజిన్ నిమిషానికి 3,500 నుంచి 4,500 చుట్ల (ఆర్‌పీఎం) మధ్య ఉన్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బండి ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆ తర్వాతే ముందుకు దూకుతుంది. ఇంజిన్ బలాన్ని కొలిచే డైనో యంత్రం మీద పరీక్షిస్తే అదే చోట టార్క్ (తిప్పే బలం) గీత లోయలా కిందికి దిగి మళ్లీ పైకి లేస్తుంది.

ఆ లోయను పూడుస్తామంటూ హెడర్ల వ్యాపారం పెరిగింది. ఈ ఒక్క కారుకే పదుల రకాల హెడర్లు మార్కెట్లోకి వచ్చాయి. సమాన పొడవువి, అసమాన పొడవువి, క్యాటలిస్ట్ ఉన్నవి, లేనివి. కొనేవారికి గందరగోళం మొదలయ్యేది ఇక్కడే. ఒకే లోయకు ఇన్ని మందులు ఎందుకున్నాయో, అవి లోపల ఏం చేస్తాయో తెలిస్తే ఎంపిక సులువవుతుంది.

ఆ లోయ ఎందుకు ఏర్పడింది

ఇంజిన్ పేరు ఎఫ్ఏ20. నాలుగు సిలిండర్లు ఇటు రెండు, అటు రెండు పడుకుని ఉండే బాక్సర్ అమరిక. మొత్తం పరిమాణం 1,998 సీసీ. సిలిండర్ వ్యాసం, పిస్టన్ కదిలే దూరం రెండూ 86 మిల్లీమీటర్లే. సంపీడన నిష్పత్తి 12.5. టర్బో లేదు. తొలి మోడల్‌కు జపాన్‌లో ప్రకటించిన లెక్క ప్రకారం 7,000 ఆర్‌పీఎం దగ్గర 200 పీఎస్ శక్తి, 6,400 నుంచి 6,600 మధ్య 205 న్యూటన్ మీటర్ల టార్క్.

గమనించవలసిన అంకె 200 కాదు, 6,400. గరిష్ఠ టార్క్ అంత పైన ఉందంటే ఈ ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడే బాగా ఊపిరి తీసుకునేలా కుదిర్చారని అర్థం. టర్బో ఉన్న ఇంజిన్‌లో గాలిని బలవంతంగా తోసే యంత్రం ఉంటుంది. టర్బో లేని ఇంజిన్‌కు ఆ సాయం లేదు. లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే పొగ తమ కదలికతోనే ఒకదానికొకటి సాయపడాలి. ఆ సాయం అన్ని వేగాల దగ్గరా ఒకేలా దొరకదు. పై వేగాలకు సరిపడేలా కుదిరిస్తే మధ్యలో ఎక్కడో తేడా వస్తుంది. ఎఫ్ఏ20 లోయలో ఇన్‌టేక్ గొట్టాల పాత్ర, వాల్వుల సమయాన్ని మార్చే వ్యవస్థ పాత్ర కూడా ఉన్నాయి. హెడర్ వంతు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని మార్చిన వెంటనే లోయ ఆకారం మారుతుంది.

పొగ వెళ్లడం వేరు, అల వెళ్లడం వేరు

సైలెన్సర్ మార్చితే పొగ సులువుగా పోతుంది, అందుకే బలం పెరుగుతుంది అనే వివరణ తరచూ వినిపిస్తుంది. అది సగం నిజమే. గొట్టంలో ఒకేసారి రెండు ప్రయాణాలు జరుగుతాయి. పొగ అనే పదార్థం ముందుకు కదలడం ఒకటి. ఆ పొగలో పీడన అల పరుగెత్తడం మరొకటి. చెరువులో రాయి వేస్తే నీరు ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది, అల మాత్రం గట్టు దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. హెడర్ లోపలా ఇలాంటిదే జరుగుతుంది.

ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే క్షణంలో సిలిండర్ లోపలి పీడనం బయటి గాలి కంటే ఇంకా కొన్ని రెట్లు ఎక్కువగా ఉంటుంది. వాల్వు తెరుచుకోగానే అధిక పీడన అల గొట్టంలోకి దూకుతుంది. నాలుగు గొట్టాలూ కలిసే చోట, అంటే కలెక్టర్ దగ్గర, దారి ఒక్కసారిగా వెడల్పవుతుంది. అక్కడ అలలో కొంత భాగం తలకిందులై వెనక్కి తిరుగుతుంది. వెళ్లినది అధిక పీడనం, తిరిగి వచ్చేది అల్ప పీడనం. ఆ అల్ప పీడన అల వాల్వు దగ్గరికి సరైన సమయంలో చేరితే సిలిండర్‌లో మిగిలిన పొగను బయటికి లాగుతుంది. అప్పటికే ఇన్‌టేక్ వాల్వు కూడా కొద్దిగా తెరుచుకుని ఉంటే కొత్త గాలిని సైతం లోపలికి గుంజుతుంది. రెండు వాల్వులూ తెరిచి ఉండే ఈ కొద్ది సమయమే మొత్తం వ్యవహారానికి కీలకం.

వేడి పొగలో శబ్దవేగం చాలా ఎక్కువ. 20 డిగ్రీల గాలిలో సెకనుకు 343 మీటర్లయితే, 600 డిగ్రీల పొగలో అది దాదాపు 580 మీటర్లు. నిమిషానికి 6,000 చుట్లు అంటే సెకనుకు 100 చుట్లు. అంటే క్రాంక్ షాఫ్ట్ ఒక మిల్లీసెకనులో 36 డిగ్రీలు తిరుగుతుంది. అల బయలుదేరిన 120 డిగ్రీల తర్వాత వాల్వు దగ్గరికి తిరిగి రావాలని అనుకుందాం. దానికి ఉన్న సమయం 3.33 మిల్లీసెకన్లు. అంతలో అల రానూ పోనూ 1.93 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి గొట్టం పొడవు సుమారు 97 సెంటీమీటర్లు ఉండాలి.

ఇప్పుడు అదే గొట్టాన్ని 3,000 ఆర్‌పీఎం దగ్గర చూద్దాం. గొట్టం పొడవు మారలేదు, అల వేగం దాదాపు మారలేదు, ఇంజిన్ మాత్రం సగం వేగంతో తిరుగుతోంది. అల్ప పీడన అల 60 డిగ్రీలకే తిరిగి వచ్చేస్తుంది. అప్పటికి ఇంకా సమయం రాలేదు. ఆ అల వాల్వు దగ్గర తాకి మళ్లీ కలెక్టర్ దాకా వెళ్లి, అక్కడ మరోసారి తలకిందులై, ఈసారి అధిక పీడన అలగా వెనక్కి వస్తుంది. రెండో ప్రయాణం పూర్తయ్యేది సరిగ్గా 120 డిగ్రీలకు. అంటే పొగను లాగవలసిన క్షణంలో ఒక అల ఎదురొచ్చి పొగను సిలిండర్‌లోకే నెడుతుంది. 6,000 దగ్గర వరమైన పొడవే 3,000 దగ్గర శాపమవుతోంది. ఇది బాగా సరళం చేసిన లెక్క. నిజమైన ఇంజిన్‌లో గొట్టాల కలయికలు, వంపులు, ఇన్‌టేక్ వైపు అలలు అన్నీ కలిసి ఆ చోటును అటూ ఇటూ జరుపుతాయి. అయినా పైన గరిష్ఠం, దానికి కింద ఒక లోయ అనే రూపం ఎక్కడి నుంచి వస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

గొట్టం లావు కూడా ఇలాగే రెండు వైపులా పదునున్న విషయం. సన్నగా ఉంటే పొగ వేగంగా పారి, తక్కువ ఆర్‌పీఎంలోనూ తన వెనుక ఖాళీని సృష్టిస్తుంది, పై వేగాల్లో మాత్రం దారి చాలదు. లావుగా ఉంటే పైన హాయి, కింద మందకొడితనం. ‘ఎంత లావైతే అంత మంచిది’ అనే మాట అందుకే తప్పు.

బాక్సర్ ఇంజిన్‌లో నాలుగు గొట్టాల జత

నాలుగు సిలిండర్ల గొట్టాలను కలపడానికి రెండు దారులున్నాయి. నాలుగింటినీ ఒకేచోట కలపడం ఒకటి. ముందు రెండేసిగా కలిపి, తర్వాత ఆ రెండింటినీ ఒకటి చేయడం మరొకటి. మొదటిది పై వేగాల్లో ఎక్కువ ఫలితాన్నిస్తుంది. రెండోదానిలో అల వెనక్కి తిరిగే చోట్లు రెండు ఉంటాయి కాబట్టి ఫలితం విస్తారంగా పరుచుకుంటుంది, శిఖరం కొంచెం తగ్గుతుంది.

రెండేసిగా కలిపేటప్పుడు ఏ రెండింటిని జత చేయాలన్నది సిలిండర్లలో ఇంధనం మండే వరుసను బట్టి ఉంటుంది. ఎఫ్ఏ20లో ఆ వరుస 1-3-2-4. ఒకటి, మూడు ఒక పక్కన. రెండు, నాలుగు మరో పక్కన ఉంటాయి. దగ్గరగా ఉన్నాయి కదా అని ఒకటినీ మూడునూ కలిపితే అవి వెంటవెంటనే, కేవలం 180 డిగ్రీల తేడాతో పొగ వదులుతాయి. ఒకదాని అల మరొకదాని పనికి అడ్డొస్తుంది. ఒకటిని రెండుతో, మూడును నాలుగుతో కలిపితే వాటి మధ్య 360 డిగ్రీల సమాన ఎడం దొరుకుతుంది. అయితే అవి ఇంజిన్‌కు చెరో వైపున ఉన్నాయి. కాబట్టి గొట్టాలు ఇంజిన్ అడుగున ఇటు నుంచి అటు దాటి, పొడవులు సమానమయ్యేలా మెలికలు తిరగాలి. సమాన పొడవు హెడర్‌ను తయారు చేయడం కష్టం కావడానికీ, ధర ఎక్కువ కావడానికీ కారణం ఈ మెలికలే.

సుబారు పాత కార్ల పేరు చెప్పగానే గుర్తొచ్చే గుడగుడ శబ్దం దీని నుంచే పుట్టింది. వాటిలో ఒక పక్క గొట్టాలు పొడవు, మరో పక్కవి పొట్టి. పొగ తెరలు సమాన ఎడంతో కాకుండా రెండు దగ్గరగా, రెండు దూరంగా కలెక్టర్‌కు చేరతాయి. చెవికి అది తడబడే తాళంలా వినిపిస్తుంది. టొయోటా 86కు కంపెనీ ఇచ్చిన హెడర్‌లో ఈ తేడా దాదాపు లేదు, అందుకే ఆ గుడగుడ కూడా లేదు.

బయట దొరికే అసమాన పొడవు హెడర్లు ఆ శబ్దాన్ని తిరిగి తెస్తాయి. చాలామంది వాటిని కొనేది అందుకే. అయితే వాటి గురించి డైనో గ్రాఫులు చెప్పే మరో విషయం ఆసక్తికరమైనది. 4,000 చుట్టుపక్కల లోయను పూడ్చడంలో అవి తరచూ సమాన పొడవు హెడర్లతో పోటీ పడతాయి, కొన్నిసార్లు మించుతాయి. కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. పొడవులు సమానంగా ఉంటే నాలుగు సిలిండర్లకూ అల ఒకే ఆర్‌పీఎం దగ్గర కలిసి వస్తుంది, ఒకే ఆర్‌పీఎం దగ్గర ఎదురు తిరుగుతుంది. శిఖరం ఎత్తు, లోయ లోతు రెండూ పెరుగుతాయి. పొడవులు వేర్వేరుగా ఉంటే ఒక్కో సిలిండర్‌కు ఆ చోట్లు మారతాయి. ఒకటి ఇబ్బంది పడుతున్నప్పుడు మరొకటి బాగుంటుంది. గీత చదునవుతుంది, పైన కొద్దిగా పోతుంది. రేసు ట్రాక్ మీద ఎప్పుడూ 6,000 పైన తిప్పేవారికి ఈ బేరం నష్టం. రోడ్డు మీద నడిపేవారికి చాలావరకు లాభమే.

కంపెనీకి ఈ విషయాలు తెలియవా

తెలుసు. కంపెనీ హెడర్ మీద వేరే బరువులు ఉన్నాయి. వాటిలో పెద్దది క్యాటలిస్ట్. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన ఆ తేనెపట్టు దిమ్మ దాదాపు 250 నుంచి 300 డిగ్రీల వేడి ఎక్కేదాకా సరిగా పనిచేయదు. చల్లని ఇంజిన్‌ను నడపడం మొదలుపెట్టిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే, పరీక్షలో కొలిచే హైడ్రోకార్బన్లలో ఎక్కువ భాగం వెలువడుతుంది. కాబట్టి క్యాటలిస్ట్‌ను వీలైనంత త్వరగా వేడెక్కించాలి. అంటే దాన్ని సిలిండర్లకు దగ్గరగా పెట్టాలి, మధ్యలోని గొట్టాలు పొట్టిగా ఉండాలి. పొడవాటి విడివిడి గొట్టాలు వేడిని గాలికి పారబోస్తాయి.

టొయోటా 86లో మొదటి క్యాటలిస్ట్ హెడర్‌లోనే అమర్చి ఉంటుంది. రెండోది దాని వెనుక వచ్చే ఫ్రంట్ పైప్‌లో ఉంటుంది. ఈ ఒక్క విషయమే ఈ కారులో హెడర్ మార్పును మామూలు పనిగా ఉండనివ్వదు. పాత వీ8 మస్టాంగ్ లాంటి కార్లలో హెడర్ వేరు, క్యాటలిస్ట్ వేరు. హెడర్ మార్చినా క్యాటలిస్ట్ తన చోటులో తాను ఉంటుంది. ఇక్కడ హెడర్ విప్పడమంటే క్యాటలిస్ట్‌ను విప్పడమే.

ప్రకటనలోని అంకెను ఎలా చదవాలి

‘మా హెడర్‌తో ఇన్ని హార్స్ పవర్ పెరుగుతుంది’ అనే ప్రకటనలో తరచూ దాచి ఉంచే విషయం, ఏ స్థితితో దేన్ని పోల్చారన్నది. కంపెనీ కారును ఒకసారి పరీక్షించి, తర్వాత క్యాటలిస్ట్ లేని హెడర్ బిగించి, ఈసీయూను కూడా తిరగరాసి రెండోసారి పరీక్షిస్తే వచ్చే తేడా హెడర్‌ది కాదు, మూడు పనుల మొత్తం. ఈసీయూ మార్పు ఒక్కటే చేసినా ఎఫ్ఏ20లో లోయ కొంత నిండుతుంది. ఎందుకంటే ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వుల సమయాలు రెండింటినీ కంప్యూటరే జరుపుతుంది. రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయాన్ని మార్చితే అల రాకకు తగ్గట్టు తలుపు తెరిచినట్టే.

కాబట్టి న్యాయమైన పోలిక ఇలా ఉండాలి: ఈసీయూ మాత్రమే మార్చిన కారుకూ, ఈసీయూతో పాటు హెడర్ కూడా మార్చిన కారుకూ మధ్య తేడా. అదీ ఒకే రోజు, ఒకే డైనో మీద, ఒకే రకం పెట్రోలుతో. గాలి ఉష్ణోగ్రత, టైర్లలో గాలి, ఇంజిన్ వేడి మారితే అదే కారు తన పాత అంకెను తానే చేరుకోదు. ఇలాంటి పోలిక చూపించే విక్రేతలు తక్కువ. అడిగే కొనుగోలుదారులు ఇంకా తక్కువ.

మరో చిక్కు గరిష్ఠ శక్తి అనే కొలతలోనే ఉంది. శక్తి అంటే టార్క్‌ను తిరిగే వేగంతో గుణించిన లెక్క. 7,000 దగ్గర టార్క్ 10 న్యూటన్ మీటర్లు పెరిగితే శక్తి దాదాపు 10 పీఎస్ పెరుగుతుంది. అదే 10 న్యూటన్ మీటర్లు 4,000 దగ్గర పెరిగితే 5.7 పీఎస్ మాత్రమే. ప్రకటనకు మొదటిది బాగుంటుంది. నడిపేవారికి రోజూ చేతికందేది రెండోది. ఈ కారు యజమానుల ఫిర్యాదు 7,000 గురించి కాదు, 4,000 గురించి. అందువల్ల హెడర్ ఎంచుకునేటప్పుడు గరిష్ఠ అంకెను పక్కన పెట్టి, 3,000 నుంచి 5,000 వరకు గీత కింది వైశాల్యాన్ని చూడడమే సరైన పద్ధతి.

కారు కింద జరిగే పని

బాక్సర్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ దారులు కిందివైపుకు తెరుచుకుంటాయి. మామూలు ఇంజిన్లలో హెడర్ పక్కన ఇరుక్కుని ఉంటుంది. ఇక్కడ ఇంజిన్ పొట్ట కింద వేలాడుతుంది. ఆ రకంగా పని సులువే. కారును లిఫ్ట్ మీద ఎత్తి, అడుగు రేకు విప్పితే హెడర్ ఎదురుగా కనిపిస్తుంది. లిఫ్ట్ లేనిచోట జాకీతో ఎత్తి వదిలేయకూడదు. గట్టి స్టాండ్లు నాలుగు వైపులా పెట్టిన తర్వాతే కిందికి దూరాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. తుప్పు పట్టిన నట్లకు ముందు రోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే సగం తిప్పలు తప్పుతాయి. ఈ పనిలో ఎక్కువగా దెబ్బతినేవి సిలిండర్ హెడ్‌లో బిగించి ఉన్న స్టడ్లే (నట్లు పట్టే మర కడ్డీలు). హెడ్ అల్యూమినియం, స్టడ్ ఉక్కు. కదలని నట్టును మొండిగా తిప్పితే స్టడ్ విరుగుతుంది. విరిగిన ముక్కను బయటికి తీయడం హెడర్ మార్చడం కంటే పెద్ద పని.

క్యాటలిస్ట్‌కు ముందొకటి, తర్వాత ఒకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. పాత హెడర్‌ను దించే ముందు వాటి వైర్ల కనెక్టర్లు విడదీయాలి. కొత్తదాంట్లో బిగించేటప్పుడు మరలకు మాత్రమే పట్టేయకుండా ఉండే లేపనం పూయాలి, సెన్సర్ కొనకు అది తగలకూడదు. వైరు గొట్టానికి ఆనితే కరిగిపోతుంది కాబట్టి పాత క్లిప్పులన్నీ తిరిగి పెట్టాలి. గ్యాస్కెట్లు కొత్తవి వేయాలి. పాత గ్యాస్కెట్ ఒకసారి నలిగిన తర్వాత అదే ముఖంతో మళ్లీ కూర్చోదు. నట్లను చేతితో అన్నీ పట్టించి, మధ్య నుంచి బయటికి కొద్దికొద్దిగా, చివరికి కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. కొన్నిసార్లు వేడెక్కి చల్లారిన తర్వాత మరోసారి బిగువు చూడాలి.

ఆ చివరి జాగ్రత్తకు కారణం లోహం సాగడం. స్టెయిన్‌లెస్ ఉక్కులో 304 రకం, ఒక మీటరు గొట్టం 600 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక సెంటీమీటరు పొడుగవుతుంది. నాలుగు గొట్టాలూ ఒకేలా వేడెక్కవు. ఆ లాగులాట అంతా వెల్డింగ్ అతుకుల మీద పడుతుంది. మంచి తయారీదారులు అతికేటప్పుడు గొట్టం లోపల ఆర్గాన్ వాయువు నింపుతారు. లేకపోతే అతుకు లోపలి ముఖం గాలి తగిలి గరగరలాడే పొక్కులుగా మారి, కొన్నేళ్లకు అక్కడే పగులుతుంది. చవక హెడర్‌కూ ఖరీదైన హెడర్‌కూ తేడా బయటి మెరుపులో ఉండదు, కలెక్టర్ లోపలికి లైటు వేసి చూస్తే కనిపిస్తుంది.

హెడర్‌కు వేడి పట్టీలు చుట్టడం కూడా కొందరు చేస్తారు. చుట్టుపక్కల భాగాలకు వేడి తగలదు, నిజమే. అయితే పట్టీ కింద గొట్టం ఇంకా వేడెక్కుతుంది. నేలకు దగ్గరగా వేలాడే ఈ హెడర్ మీద వాననీరు పడితే పట్టీ దాన్ని పీల్చి పట్టుకుంటుంది. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు సిరామిక్ పూత మేలు.

బిగించిన తర్వాత చల్లని ఇంజిన్‌ను నడిపినప్పుడు టిక్ టిక్ మనే శబ్దం వస్తే ఎక్కడో పొగ కారుతోంది. దీన్ని చిన్న విషయంగా వదలకూడదు. మొదటి సెన్సర్‌కు ముందు సందు ఉంటే, అల్ప పీడన అల వెనక్కి వచ్చే క్షణాల్లో బయటి గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్ ఆక్సిజన్ ఎక్కువగా ఉందని చెబుతుంది. ఈసీయూ పెట్రోలు తక్కువైందనుకుని ఇంకా పోస్తుంది. హెడర్ మార్చాక మైలేజీ తగ్గిందనే ఫిర్యాదు వస్తే ముందుగా అనుమానించవలసింది ఈ సందునే.

క్యాటలిస్ట్ లేకపోతే ఏమవుతుంది

ఈసీయూ రెండు సెన్సర్లనూ పోల్చి చూస్తుంటుంది. ముందు సెన్సర్ దగ్గర ఆక్సిజన్ ఎగుడుదిగుడుగా మారాలి, వెనుక సెన్సర్ దగ్గర దాదాపు నిలకడగా ఉండాలి. క్యాటలిస్ట్ ఆక్సిజన్‌ను దాచుకుని అవసరమైనప్పుడు వదులుతుంది కాబట్టి అలా జరుగుతుంది. క్యాటలిస్ట్ లేకపోతే రెండు చోట్లా ఒకే ఊగిసలాట. త్వరలోనే క్యాటలిస్ట్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పీ0420 అనే కోడ్, డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం. పలచని క్యాటలిస్ట్ ఉన్న హెడర్లకూ కొన్నాళ్లకు ఈ కోడ్ వస్తుంది. ఆ దీపాన్ని మాయం చేయడానికి సెన్సర్‌ను వెనక్కి జరిపే చిన్న గొట్టం ముక్కలు, కోడ్‌ను చెరిపేసే ఈసీయూ ఫైళ్లు అమ్ముతారు. అవి విషపు పొగను ఆపవు, విషపు పొగ గురించి చెప్పే నోటిని మూస్తాయి. చల్లని ఉదయం మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడిపే ఇంట్లో పిల్లలూ పెద్దలూ పీల్చేది అదే గాలి.

అమెరికాలో స్వచ్ఛ వాయు చట్టం ప్రకారం రోడ్డు మీద తిరిగే కారుకు క్యాటలిస్ట్ తీసేయడం, దాన్ని పనిచేయకుండా చేసే భాగాలు అమ్మడం రెండూ నిషేధం. పెట్టె మీద ‘రేసులకు మాత్రమే’ అని రాసినంత మాత్రాన నంబరు ప్లేటుతో రోడ్డెక్కిన కారుకు ఆ మినహాయింపు రాదు. కాలిఫోర్నియాలో నియమం మరింత గట్టిది. అక్కడి వాయు వనరుల బోర్డు పరీక్షించి ఇచ్చే ఉత్తర్వు సంఖ్య ఆ భాగం మీద ఉండాలి. ఆ సంఖ్య కూడా కారు ఇంజిన్‌కూ, మోడల్ ఏడాదికీ సరిపోవాలి. స్మాగ్ (పొగ) పరీక్షలో తనిఖీదారుడు కళ్లతో చూసి సంఖ్య లేకపోతే ఆపేస్తాడు, పొగ ఎంత శుభ్రంగా ఉన్నా సరే. 2021 జూలై నుంచి ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చారా లేదా అన్నదీ చూస్తున్నారు. మస్టాంగ్ లాంటి కార్ల పొట్టి హెడర్లకు ఇలాంటి అనుమతులు దొరకడం, క్యాటలిస్ట్ కలిసి ఉన్న హెడర్లకు కష్టమవడం వెనుక ముందు చెప్పిన అమరిక తేడాయే ఉంది.

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన డాలస్ పరిసరాల్లో కథ కొంచెం వేరు. టెక్సస్‌లో సాధారణ వాహనాలకు భద్రతా తనిఖీ 2025లో ఎత్తేశారు. దాంతో ఇక ఏ పరీక్షా లేదని కొందరు పొరబడుతున్నారు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం కొనసాగుతోంది. అక్కడ ఈసీయూకు తీగ కలిపి కోడ్లు చదువుతారు. ముందు రోజు కోడ్ చెరిపేసి వెళితే లోపలి స్వీయ పరీక్షలు పూర్తికాలేదని యంత్రమే చెప్పేస్తుంది.

శబ్దం విషయంలో కాలిఫోర్నియా పరిమితి చిన్న వాహనాలకు 95 డెసిబెల్స్. వారంటీపై ఉన్న భయం మాత్రం కొంత అతిశయం. 1975 నాటి అమెరికా వారంటీ చట్టం ప్రకారం బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీని రద్దు చేయలేరు. చెడిపోవడానికి ఆ భాగమే కారణమని చూపాలి. ఈసీయూను కూడా తిరగరాసి ఉంటే ఇంజిన్ లోపలి నష్టం విషయంలో అలా చూపడం కంపెనీకి కష్టం కాదు.

మన దేశంలో మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో దీన్ని గట్టిగా నిలబెట్టింది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, జైలు, లైసెన్సు నిలుపుదల ఉన్నాయి. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో పోలీసులు స్వాధీనం చేసుకున్న మోటారు సైకిళ్ల సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద నలగ్గొట్టిన దృశ్యాలు చాలామంది చూసే ఉంటారు. కార్లకు వర్తించేదీ అదే చట్టం.

కంపెనీ ఇచ్చిన జవాబు

అమెరికాలో 2022 మోడల్‌గా వచ్చిన రెండో తరం కారులో ఇంజిన్ ఎఫ్ఏ24. సిలిండర్ వ్యాసం 94 మిల్లీమీటర్లకు పెరిగింది, పిస్టన్ కదిలే దూరం పాత 86 మిల్లీమీటర్లే. పరిమాణం 2,387 సీసీ, జపాన్ లెక్కలో 235 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. లీటరుకు లెక్కిస్తే పాత ఇంజిన్ గరిష్ఠ టార్క్ సుమారు 103 న్యూటన్ మీటర్లు, కొత్తదానిది 105. అంటే ఒక్కో లీటరు నుంచి పిండిన బలం దాదాపు మారలేదు. మారింది ఆ బలం దొరికే చోటు. పాత ఇంజిన్ గరిష్ఠ టార్క్ 6,400 దగ్గర ఉంటే, కొత్తది 3,700 దగ్గరే అందిస్తోంది. పాత కారులో సరిగ్గా లోయ మొదలైన చోటు అది. పదేళ్లపాటు యజమానులు గొట్టాలు మార్చి పూడ్చాలని చూసిన గుంటను కంపెనీ, 389 సీసీ అదనంగా చేర్చి, ఊపిరి లెక్కలు మళ్లీ వేసి, హెడర్‌లో క్యాటలిస్ట్‌ను కదపకుండానే పూడ్చింది.